ఆల్టో గేర్ బాక్స్ ఇంటి దగ్గరే ఎక్కించాక గేర్లు పడటం లేదు: మళ్ళీ దించాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. 2013 ఆల్టో కె10. క్లచ్ ప్లేటు అరిగిపోతే ఈ తమ్ముడు, అతని దోస్తు కలిసి హన్మకొండలో ఇంటి ముందే గేర్ బాక్స్ దించి, కొత్త క్లచ్ సెట్టు వేసి, మళ్ళీ ఎక్కించారు. ఎక్కించేటప్పుడు చివర్లో అర అంగుళం సందు మిగిలితే బోల్టులు బిగించి దగ్గరకు లాగారు. ఇప్పుడు ఇంజన్ ఆపి ఉంటే అన్ని గేర్లూ పడుతున్నాయి. స్టార్ట్ చేస్తే ఒక్కటీ పడటం లేదు, రివర్స్ వేయబోతే గర్రుమంటోంది. ఎడమ ఆక్సిల్ దగ్గర ఆయిల్ కారుతోంది. సెల్ఫ్ కూడా బరువుగా తిరుగుతోంది. "మళ్ళీ మొత్తం దించాలా అన్నా, కేబుల్ సెట్టింగుతో సరిపోతుందా?" అని అడిగాడు.

తమ్మీ, దించాల్సిందే. కేబుల్ సెట్టింగుతో గేర్లు పడినా సరే, నేనైతే దించి చూస్తాను. కారణం గేర్లు పడకపోవడం కాదు, ఆ అర అంగుళం. కాకపోతే దించే ముందు పది నిమిషాల్లో చూడాల్సినవి రెండు మూడు ఉన్నాయి. అవి చూస్తే లోపల ఏం జరిగిందో సగం తెలిసిపోతుంది, రెండోసారి దేనికోసం వెతకాలో తెలిసి దించుతావు. అప్పటిదాకా బండి నడపకు. గేర్‌లో ఉంచి స్టార్ట్ చేయకు. క్లచ్ విడవని బండి గేర్‌లో స్టార్ట్ అయితే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, ఎదురుగా గోడ ఉందా మనిషి ఉన్నాడా అని చూడదు.

ముందు ఒక మంచి వార్త. ఇంజన్ ఆపినప్పుడు అన్ని గేర్లూ పడుతున్నాయంటే గేర్ బాక్స్ లోపల బాగానే ఉంది, గేర్ కేబుల్స్ కూడా సరిగ్గానే తగిలించావు. కె10లో గేర్ లివర్ నుంచి రెండు కేబుల్స్ వస్తాయి. వాటిలో తేడా ఉంటే ఇంజన్ ఆపినా కొన్ని గేర్లు పడవు, లేదా ఒకటి వేయబోతే ఇంకొకటి పడుతుంది. నీ సమస్య అది కాదు. తొక్కినప్పుడు క్లచ్ విడవటం లేదు, అంతే.

విడుతోందో లేదో ఇలా చూడు. వెనక చక్రాలకు అడ్డం పెట్టు, హ్యాండ్ బ్రేక్ వేయి. ముందు చక్రం ఒక్కటే లేపి స్టాండు పెట్టు, రెండోది నేల మీదే ఉండాలి. ఇంజన్ ఆపి ఫస్ట్ గేర్ వేయి. లేపిన చక్రం చేత్తో తిప్పితే తిరగకూడదు. ఇప్పుడు దోస్తును క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకోమను. కాస్త బరువుగానైనా చక్రం తిరగాలి. తిరగకపోతే క్లచ్ విడవటం లేదని ఖాయం. రెండు చక్రాలూ లేపి ఈ పరీక్ష చేసేవాళ్ళు మోసపోతారు. ఒకటి ఇటు తిప్పితే, రెండు చక్రాలకూ తిప్పుడు పంచే డిఫరెన్షియల్ వల్ల ఇంకొకటి అటు తిరుగుతుంది, వీళ్ళేమో క్లచ్ విడిందనుకుంటారు.

తర్వాత బానెట్ ఎత్తి, క్లచ్ కేబుల్ గేర్ బాక్స్ మీద ఆర్మ్‌కు తగిలే చోట చూడు. దోస్తు పెడల్ తొక్కుతుంటే ఆ ఆర్మ్ ఎంత కదులుతోంది? దాదాపు కదలకపోతే కేబుల్ నట్టు వదులుగా ఉంది, లేదా కేబుల్ కవరు దాని గూట్లో సరిగ్గా కూర్చోలేదు. బాగా కదులుతోంది కానీ ఏ బరువూ లేకుండా ఊగుతోంది అంటే లోపల క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగ్, దాన్ని నెట్టే ఫోర్క్ నుంచి జారిపోయింది. బరువుగా, సరిగ్గానే కదులుతోంది, అయినా క్లచ్ విడవటం లేదంటే తప్పు ప్లేటు దగ్గరే ఉంది. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఈ మూడోదే అయ్యుంటుందని నా అనుమానం. ఒకవేళ ఆ ఆర్మ్‌ను కూడా షాఫ్ట్ నుంచి విప్పి ఉంటే, రెండింటి మీదా చిన్న పంచ్ మార్కులు ఉన్నాయేమో చూడు. అవి ఎదురెదురుగా ఉండాలి. ఒక్క పల్లు తేడాగా ఎక్కినా పెడల్ దారి చాలదు.

ఇక ఆ సందు సంగతి. గేర్ బాక్స్ ముఖం ఇంజన్ ముఖాన్ని చేత్తో నెడితేనే తాకాలి. బోల్టులు ఉన్నది తాకినదాన్ని పట్టి ఉంచడానికి, దూరంగా ఉన్నదాన్ని లాక్కురావడానికి కాదు. రెండు ముఖాలనూ ఒకే గీత మీద నిలిపే డోవెల్ పిన్నుల మీద కొంచెం బిగువుగా ఉండి, ఆఖరి ఒకటి రెండు మిల్లీమీటర్లు బోల్టుతో రావడం మామూలే, దానికి భయం లేదు. అర అంగుళం ఆగిందంటే మాత్రం లోపల ఏదో అడ్డం ఉంది. ఎక్కువసార్లు అడ్డం ఉండేది క్లచ్ ప్లేటే. ప్లేటు నడిమధ్యలో లేకపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి క్లచ్‌లోకి వచ్చే కడ్డీ) పళ్ళు ప్లేటు మధ్య గుబ్బలోని పళ్ళలోకి దూరవు, అంచుకు కొట్టుకుని ఆగుతాయి. అప్పుడు బోల్టులు బిగిస్తే షాఫ్ట్ ఆ గుబ్బను ముందుకు నెడుతుంది, ప్లేటు వంగుతుంది. వంగిన ప్లేటు, ఇంజన్‌తోపాటు తిరిగే ఫ్లైవీల్‌ను ఎక్కడో ఒకచోట రాసుకుంటూనే ఉంటుంది. నువ్వు పెడల్ ఎంత తొక్కినా పూర్తిగా విడవదు. నీకు ఇప్పుడు కనబడుతున్నది అచ్చం ఇలాగే ఉంది.

రెండో అనుమానం, ప్లేటు తిరగేసి పడటం. నువ్వే కాదు, షాపుల్లో పని నేర్చుకునే పిల్లలు కూడా చేసే తప్పు ఇది. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి స్ప్రింగులు ఉబ్బిన వైపు గేర్ బాక్స్ వైపుకు, చదునుగా ఉన్న వైపు ఫ్లైవీల్ వైపుకు రావాలి. కొత్త ప్లేటు మీద ఏది ఫ్లైవీల్ వైపో అచ్చు వేసి ఉంటుంది, చమురు చేత్తో పట్టుకుంటే అది కనబడదు. తిరగేసి వేస్తే ఆ ఉబ్బు వెళ్ళి ఫ్లైవీల్ బోల్టులకు తగులుతుంది. దించాక ఫ్లైవీల్ బోల్టుల తలల మీద కొత్తగా మెరిసే గీతలు కనిపిస్తే ఇంకేం వెతకక్కర్లేదు.

దించేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. బోల్టులన్నీ తీసేశాక గేర్ బాక్స్‌ను ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనివ్వకు, ఒక్క క్షణం కూడా. ఆ బరువంతా ప్లేటు గుబ్బ మీద పడుతుంది, మంచి ప్లేటు కూడా వంగుతుంది. కింద జాకీ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. ఇంజన్ కింద కూడా చమురు సంప్‌కు చెక్క దిమ్మ అడ్డం పెట్టి ఇంకో జాకీ పెట్టు. కారు మాత్రం స్టాండ్ల మీద ఉండాలి, ఇటుకల మీద కాదు. సిమెంటు ఇటుక చెప్పకుండా పగులుతుంది.

దించాక చూడాల్సినవి చెప్తాను. బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గేర్ బాక్స్ భాగం) చుట్టూ బోల్టు చెవులు గుడ్డతో తుడిచి చూడు. అవి అల్యూమినియం, బోల్టుతో వంకరగా లాగితే చెవి దగ్గర వెంట్రుకలాంటి పగులు వస్తుంది. ఇంజన్ వైపు థ్రెడ్లు కూడా చూడు, కె10 ఇంజన్ బ్లాకు కూడా అల్యూమినియమే. థ్రెడ్డు చెడితే పెద్ద బోల్టు కొట్టి దూర్చకు. వరంగల్ ఆటోనగర్ వైపు లేత్ షాపుల్లో ఆ రంధ్రంలో స్ప్రింగు లాంటి థ్రెడ్ ఇన్సర్ట్ వేస్తారు, అసలు సైజు బోల్టే మళ్ళీ పడుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ చేత్తో తిప్పి చూడు, గరగర ఉండకూడదు. పళ్ళ అంచులు నలిగి ఉంటే సన్నని ఆకురాయితో ఆ పొక్కులు మాత్రమే తీయి, పళ్ళను అరగదీయకు. క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు మధ్యలోని వేళ్ళన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి రెండు కిందికి వంగి ఉంటే ప్రెషర్ ప్లేటు కూడా మార్చాల్సిందే. కొత్తది కదా అని మనసు ఒప్పుకోదు, తెలుసు. కానీ వంగిన ప్లేటును సుత్తితో సరిచేసి వేసిన వాళ్ళు మళ్ళీ నా దగ్గరికి వచ్చారు, ఈసారి కుదుపు కంప్లైంటుతో.

డోవెల్ పిన్నుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంజన్‌కూ గేర్ బాక్స్‌కూ మధ్య రెండు చిన్న గొట్టాల్లాంటి పిన్నులు ఉంటాయి. బోల్టు వాటిలోంచి పోతుంది కాబట్టి అవి బోల్టుకు వాషరేమో అనుకుంటారు. నిజానికి రెండు ముఖాలనూ సరిగ్గా ఒకే గీత మీద నిలిపేది అవే. బోల్టు రంధ్రాలు బోల్టు కంటే కొంచెం పెద్దవి, వాటితో సెంటర్ రాదు. పరకాల నుంచి ఒకాయన స్విఫ్ట్ తెచ్చాడు. ఇంకెక్కడో పాత గేర్ బాక్స్ మార్పించుకున్నాడట, విప్పేసిన గేర్ బాక్స్‌తోపాటే పిన్నులు స్క్రాప్‌కు పోయాయి. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత క్లచ్ వదిలేటప్పుడు కుదుపు, ఆ తర్వాత ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ కూత. విప్పితే ప్లేటు గుబ్బ చుట్టూ పగిలి ఉంది. షాఫ్ట్ ఒక సెంటర్‌లో, ఇంజన్ ఇంకో సెంటర్‌లో తిరిగితే మధ్యలో నలిగేది ప్లేటే కదా. నీ బండిలో రెండు పిన్నులూ ఉన్నాయో లేదో, తుప్పు గీకేసి ఉన్నాయో లేదో చూసుకో. ఇంజన్‌కూ గేర్ బాక్స్‌కూ మధ్య పలచని రేకు ఉంటే అది కూడా మడత పడకుండా ముందే తగిలించాలి. ఆ సందులో వైరు చిక్కుకుని దగ్గరకు రాని బండ్లూ చూశాను.

మళ్ళీ ఎక్కించే పద్ధతి. ఫ్లైవీల్ ముఖం బ్రేక్ క్లీనర్‌తో గానీ శుభ్రమైన పెట్రోలు గుడ్డతో గానీ తుడువు. పాత క్లచ్ పొడిని గాలి కొట్టి ఊదకు, ముక్కులోకి పోతుంది, మంచిది కాదు. ప్లేటు సెంటర్ చేయడానికి కొన్ని క్లచ్ సెట్లతో ప్లాస్టిక్ పుల్ల ఇస్తారు. లేకపోతే స్క్రాప్ షాపులో అదే మోడల్ పాత ఇన్‌పుట్ షాఫ్ట్ దొరుకుతుంది, దానికంటే మంచి పనిముట్టు లేదు. కంటితో సెంటర్ పట్టే మేస్త్రీలు ఉన్నారు, నేనూ పడతాను. అయితే మొదటిసారి చేసేవాళ్ళకు అది చెప్పను. ఆ పుల్ల లోపల ఉండగానే ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు. ఒక పక్క పూర్తిగా బిగించేసి ఇంకో పక్కకు పోతే కవరు వంకరవుతుంది. అంతా బిగిశాక పుల్ల సులువుగా బయటకు రావాలి, మళ్ళీ సులువుగా లోపలికి పోవాలి. అది ఇరుక్కుంటే షాఫ్ట్ కూడా ఇరుక్కుంటుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ళకు గ్రీజు వేలికొసకు అంటినంత చాలు. ఎక్కువైతే తిరిగే వేగానికి ఎగిరి ప్లేటు మీద పడుతుంది, క్లచ్ జారడం మొదలవుతుంది.

ఇప్పుడు గేర్ బాక్స్‌ను నాలుగో గేర్‌లో పెట్టి పైకి లేపు. రెండు ముఖాల మధ్య సందు పైనా కిందా, అటూ ఇటూ ఒకేలా ఉందో లేదో చూడు. మౌంటింగ్ తీయడం వల్ల ఇంజన్ ఒక పక్కకు వాలి ఉంటుంది, గేర్ బాక్స్‌ను కూడా అదే వాలుకు తేవాలి. తొంభై శాతం గొడవ ఇక్కడే. పళ్ళు కలవకపోతే బలం పెట్టకు. రెండు వైపులా ఆక్సిల్ దూరే చోట లోపలి గేర్లను కలిపి ఒకే వైపుకు కొంచెం తిప్పు, గేర్‌లో ఉంది కాబట్టి ఇన్‌పుట్ షాఫ్ట్ కూడా తిరిగి పళ్ళు కలుస్తాయి. కలిసిన క్షణం చేతికి తెలుస్తుంది, గబుక్కున లోపలికి పోతుంది. ముఖాలు తాకాక రెండు బోల్టులు చేత్తో పట్టించి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి ఇంజన్‌ను కుడివైపుకు ఒక చుట్టు తిప్పు. తిప్పే ముందు గేర్ బాక్స్‌ను నాలుగో గేర్ నుంచి న్యూట్రల్‌కు తేవాలి. ఎక్కడైనా పట్టేస్తే ఆగు, మిగతా బోల్టులు బిగించకు. అక్కడే కేబుల్ కూడా తగిలించి ఫోర్క్ పనితనం చూసుకుంటే, ఆక్సిల్స్, సెల్ఫ్, బ్యాటరీ ట్రే అన్నీ ఎక్కించాక ఏడవాల్సిన పని ఉండదు.

బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. ఈసారి విప్పేటప్పుడు అట్ట ముక్క మీద గేర్ బాక్స్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటిదో ఆ చోటే గుచ్చు. పొట్టిది పొడుగు చోట వేస్తే రెండు మూడు థ్రెడ్ల మీదే నిలబడి అల్యూమినియాన్ని పీకేస్తుంది. పొడుగుది పొట్టి చోట వేస్తే అడుగు తగిలి ఆగుతుంది. నీకు బిగిసినట్టే అనిపిస్తుంది, ముఖాలు మాత్రం బిగిసి ఉండవు.

ఇక ఆయిల్. ఎడమ ఆక్సిల్ దగ్గర కారుతోందంటే, ఆక్సిల్ దూర్చేటప్పుడు దాని పళ్ళు ఆయిల్‌ను ఆపే సీల్ పెదవిని కోసి ఉంటాయి. లేదా ఆక్సిల్ పూర్తిగా లోపలికి పోలేదు. కొనలో చిన్న లాక్ రింగు ఉంటుంది, అది లోపల టక్కుమని కూర్చోవాలి. కూర్చుందో లేదో చూడాలంటే లోపలి జాయింట్ గిన్నె పట్టుకుని లాగు, మధ్య కడ్డీని పట్టుకుని లాగకు, జాయింటే ఊడివస్తుంది. సీల్ రెండు వైపులా కొత్తది వేయి, దాని ధర ఈ పని ముందు లెక్కలోకి రాదు. అంతే చుట్టుకొలత ఉన్న గొట్టం ముక్కతో నిటారుగా కొట్టు. పెదవికి కొంచెం గ్రీజు రాసి, ఆక్సిల్ బరువు సీల్ మీద వాలకుండా ఎత్తి పట్టుకుని దూర్చు.

గేర్ ఆయిల్ ఎంత కారిపోయిందో తెలియదు కాబట్టి మిగిలింది తీసేసి మొత్తం కొత్తది పోసేయి. బండి నాలుగు చక్రాలూ ఒకే మట్టంలో ఉన్నప్పుడు ఫిల్లర్ రంధ్రం నుంచి బయటకు కారేదాకా పోయాలి. ముందు వైపు మాత్రమే జాకీ మీద లేపి పోస్తే కొలత తప్పుతుంది. ఓనర్ మాన్యువల్‌లో ఏ గ్రేడు చెప్పారో అదే తీసుకో. షాపువాడు "జీఎల్-5 ఇంకా మంచిది సార్" అంటాడు, వినకు. జీఎల్-4 అడిగే చోట అది పోస్తే, దానిలో ఎక్కువగా ఉండే గంధకం రసాయనాలు కొన్ని గేర్ బాక్సుల్లో గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి.

సెల్ఫ్ బరువుగా తిరగడానికి బ్యాటరీ కంటే ముందు గేర్ బాక్స్ మీద ఎర్త్ వైరు చూడు. తొందరలో మర్చిపోయి ఉంటావు, లేదా మురికి మీదే బిగించి ఉంటావు. భూపాలపల్లి నుంచి ఒక సింగరేణి ఫిట్టర్ వ్యాగన్ ఆర్ తెచ్చాడు, పనంతా నీట్‌గా చేశాడు, ఈ ఒక్క వైరు వదిలేశాడు. సెల్ఫ్‌కు కావలసిన కరెంటు క్లచ్ కేబుల్ గుండా తిరిగి వెళ్ళి, లోపలి ప్లాస్టిక్ కరిగి, కేబుల్ పట్టేసింది. అతను క్లచ్ పాడైందనే అనుకున్నాడు. నువ్వు కూడా దించినప్పుడు క్లచ్ కేబుల్ తీసి, చేత్తో లాగి చూడు. గరుకుగా ఉంటే మార్చేయి. రివర్స్ లైటు స్విచ్ వైరు, స్పీడ్ సెన్సర్ వైరు కూడా అప్పుడే చూసుకో.

ఇది మాత్రం రెండుసార్లు చూడు. ఆక్సిల్ తీయడానికి లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ విప్పి ఉంటావు. ఆ బోల్టు బాల్ జాయింట్ కాడ మీద ఉండే గాడిలోంచి పోవాలి. కాడ కొంచెం కిందికి ఉండగా బోల్టు దూర్చితే బయటకు అంతా బాగానే కనబడుతుంది, ఏదో ఒక గుంతలో చక్రం బయటకు తెరుచుకుంటుంది. ఆక్సిల్ నట్టు కొత్తది వేసి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ కొలతకు బిగించి, లాక్ చేయి. ఆ నట్టు బిగించకుండా బండిని నేల మీద తోయకు, చక్రం బేరింగ్ చెడుతుంది. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను మాత్రం చక్రాలు నేల మీద ఆనాకే పూర్తిగా బిగించు. ఇంజన్ మౌంటింగులు కూడా అన్నీ వదులుగా పెట్టి, ఇంజన్‌ను ఒకసారి ఊపి, అది దాని చోట కూర్చున్నాక బిగిస్తే వైబ్రేషన్ రాదు.

చెవి పగిలి ఉంటే మాత్రం ఇంట్లో చేయకు. అల్యూమినియం వెల్డింగ్ చేయిస్తే ముఖం వంకరపోయే ప్రమాదం ఉంది, ఆ తర్వాత ముఖాన్ని లేత్ మీద సరిచేయగలిగిన వాళ్ళ దగ్గరే చేయించాలి. దానికంటే పాత హౌసింగ్ దొరికితే అదే మేలు. షాపుకు తీసుకెళ్ళాల్సి వస్తే తాడు కట్టి లాగించకు. గేర్ బాక్స్‌లో ఆయిల్ తక్కువ ఉంది, బండిని ఎక్కించుకుని పోయే ట్రక్కు పిలిపించు.

కొత్త ప్లేటు వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు. మేడారం జాతర ట్రాఫిక్‌లో తాడ్వాయి దాకా హాఫ్ క్లచ్ మీద పాకిన బండ్లు ఆ తర్వాతి వారం మా దగ్గర వరసగా ఉంటాయి, అందులో కొత్త క్లచ్ వేసినవీ ఉంటాయి.

దించాక ప్లేటు రెండు వైపులా, ఫ్లైవీల్ బోల్టుల తలలు, హౌసింగ్ చెవులు ఫొటోలు తీసి ఇక్కడే పెట్టు. ప్లేటు వంగిందో లేదో తెలియకపోతే దాన్ని మందంగా ఉన్న అద్దం ముక్క మీద పెట్టి పక్కనుంచి ఫొటో తీయి, కింద వెలుతురు కనబడుతోందో లేదో చూసి చెప్తాను. కొత్త సెట్టు కొనడానికి అప్పటిదాకా పోకు.